వేరుచేయని డిస్కు

"మాస్టారూ, వైరస్‌ని తీసెయ్యొచ్చు. అది తాళం వేసిన ఫైళ్ళు మాత్రం ఇక తెరుచుకోవండీ," అంది కంప్యూటర్లు బాగుచేసే అమ్మాయి.

ఆ ఫైళ్ళలో నా శ్రీమతి పాడిన నలభై పద్యాలున్నాయి. 'ఆసుపత్రి నివేదిక' అన్న పేరుతో వచ్చిన మెయిల్‌ను నిన్న ఆత్రంగా తెరిచినవాణ్ణి నేనే.

"ఇంకో కాపీ ఉందా?"

"లేకేమమ్మా!" కంప్యూటర్ వెనుక తగిలించిన డిస్కును సగర్వంగా చూపాను. "ఏడాదిగా ఒక్కనాడూ దీన్ని వేరుచేయలేదు."

తెరిచి చూసి ఆమె తల పట్టుకుంది. "అయ్యో! కాపీ చేశాక తీసి విడిగా పెట్టాలండీ. తగిలించే ఉంచితే ఇందులోకీ పాకుతుంది. ఇంటికి తాళం వేసి, తాళంచెవి తలుపుకే వేలాడదీశారు!"

ఇన్నాళ్ళూ రక్ష అనుకున్నదే శత్రువుకు ద్వారమైంది. డిస్కును ఊడదీసి ఒళ్ళో పెట్టుకున్నాను.

"దానికింత దిగులెందుకు మాస్టారూ? అమ్మగారు పక్కనే ఉన్నారుగా, మళ్ళీ పాడించుకోండి. నేనే రికార్డు చేసిపెడతా. ఏమంటారు అమ్మగారూ?"

నా శ్రీమతి మెడకు చుట్టుకున్న శాలువను కొద్దిగా సడలించింది. శస్త్రచికిత్సలో స్వరపేటికను తొలగించిన చోట చిన్న రంధ్రం కనబడింది. అమ్మాయి నవ్వు ఆగిపోయింది.

శ్రీమతి కాగితం తీసుకుని రాసింది: "ఆయన్నేమీ అనకమ్మా. ఆ పద్యాలన్నీ ఆయనకు నోటికి వచ్చు."

నిజమే, వచ్చు. ఆమె సంతోషించాలని మొదటి పద్యం ఎత్తుకోబోయాను. ఆమె దాన్ని ఏ రాగంలో పాడేదో గుర్తు రాలేదు.