నొప్పికి ఒకే మాట

పోటు వేరు, సలుపు వేరు, తీపు వేరు, గుంజుడు వేరు. ఇన్ని మాటలున్న భాషలో పుట్టి, ఈ పిల్ల అన్నిటికీ ఒకే ‘థంగ్’ తగిలిస్తోంది. తలనొప్పి ‘థౌ థంగ్’. కడుపునొప్పి ‘దూజ్ థంగ్’. పంటినొప్పికీ ఆ థంగే. అదీ ఒక భాషేనా? నర్సీపట్నంలో ముప్ఫై రెండేళ్లు తెలుగు చెప్పిన సూర్యప్రకాష్ మాస్టారికి మంచంలో పడుకునే ఒళ్లు మండిపోయింది.

జెన్నీ ఆయన్ని చూసుకోవడానికి పెట్టిన నర్సు. సింగపూర్‌లో చైనా ముసలివాళ్లు ఉండే ఆశ్రమంలో ఉద్యోగానికని చైనీస్ నేర్చుకుంటోంది. రేపే ఫోన్లో ఇంటర్వ్యూ. తప్పితే మళ్లీ ఏడాది దాకా పిలవరు.

దుప్పటి మారుస్తూ, ఒళ్లు తుడుస్తూ వల్లెవేస్తుంది. “నాలీ థంగ్?” అంటే ఎక్కడ నొప్పి అని. అడిగేదీ తనే, జవాబు చెప్పేదీ తనే. తన పేపరు తనే దిద్దుకునే రకం, అనుకునేవారు మాస్టారు. థంగ్ అనేటప్పుడు గొంతు పైకి లేవాలని ఫోన్లో పాఠం చెప్పే మేడమెవరో రోజూ మొత్తుకుంటుంది. దీనికి లేవదు. పక్కన వినేవాడికి వచ్చేసింది గాని, నేర్చుకునేదానికి రాదు.

కోడలు వెంకటదుర్గ మరీను. చూడవచ్చిన ప్రతివాళ్లకీ గుమ్మంలోనే పాఠంలా అప్పగిస్తుంది.

“మా మావయ్యగారు బంగారవండి. పదకొండు నెలలై మంచంలో ఉన్నారు, ఒక్క నొప్పని సెప్పలేదు.”

వాళ్లు ఆయన ఓర్పుని మెచ్చుకుని, టీ తాగి, వెళ్లిపోతారు. సగం మంది ఆయన దగ్గర చదివినవాళ్లే. మంచం దాకా వచ్చి అడిగినవాడు లేడు. వెధవలకి ప్రశ్న వెయ్యడం అప్పుడూ రాలేదు, ఇప్పుడూ రాలేదు.

సాయంత్రం జెన్నీ మంచం అంచున కూర్చుంది.

“మేడమ్ తిట్టారు తాతగారూ. అడిగేసి నేనే సెప్పేస్తన్నానంట. పేషెంటు సెప్పేదాకా ఆగాలంట.”

ఆయన ఎడమ భుజం మీద చెయ్యి వేసింది.

“నాలీ థంగ్?”

ఆగింది. పైన ఫ్యాను కిర్రుమంటోంది. ఇంకా ఆగింది. ఆయన మొహంలోకే చూస్తోంది, నిజంగానే జవాబు కావాలన్నట్టు.

సరిగ్గా ఆ భుజంలోనే సలుపు. రాత్రనక, పగలనక.

మాస్టారు పెదవులు తడుపుకున్నారు.

“థంగ్,” అన్నారు, గొంతు ఎక్కడ లేపాలో అక్కడ లేపి.

పదకొండు నెలల కిందట పక్షవాతం వచ్చి మాట పడిపోయాక, ఆయన నోట వచ్చిన మొదటి మాట అది.