పెత్తరమాస గారెలు

ఆ రోజు పెత్తరమాస, పోయిన పెద్దలను తలచుకునే అమావాస్య. బోధన్‌లో ఇంటింటా పోయినవాళ్ళ పేరు చెప్పి బియ్యం ఇస్తున్నారు.

బస్టాండు ఎదుటి ఆన్‌లైన్ సెంటర్‌లో అఖిలకు మాత్రం సెలవు లేదు. పొద్దుటి నుంచి కంప్యూటరు, కాస్త తీరిక దొరికితే సెల్‌ఫోను.

కళ్ళు మండుతున్నాయి. చిన్నప్పుడు ఆపరేషన్ అయిన ఎడమ కన్ను మరీనూ. ఒకటే నలుపుకుంటోంది.

"గట్ల నలుపకు బిడ్డా, కన్ను ఖరాబైతది."

తలెత్తి చూసింది. ఎదుటి బల్ల మీద ఎవరో ముసలాయన. ఒళ్ళో స్టీలు డబ్బా.

"ఏం పని తాతా?"

"పనేం లేదు. ఏర్గట్ల నుంచి వచ్చిన. జరసేపు కూసుంట."

కూర్చుంటే కూర్చున్నాడు, చూపు మాత్రం ఆమె ముఖం మీంచి తిప్పడు.

అఖిలకు చిర్రెత్తింది. కావాలనే ఫోను ముఖానికి దగ్గరగా పెట్టుకుని వీడియోలు చూడసాగింది.

"ఎంతసేపు సూస్తవు బిడ్డా? కండ్లల్ల నీళ్ళు కారుతున్నయి. జర పక్కకు పెట్టరాదు."

"నా కండ్లు, నా ఇష్టం. నీ సొమ్మేం పోతున్నది?"

ఫారాల కోసం నిలబడ్డవాళ్ళు నవ్వారు. ముసలాయన నవ్వలేదు. డబ్బా ముందుకు జరిపాడు.

"గారెలు తెచ్చిన. మా గోదావరికి గారెలంటే పానం."

"అయితే ఆమెకే పెట్టుకో పో! ఆడపిల్లను గుడ్లప్పగించి చూసుడు, పైనుంచి గారెలా? ఇంత వయసొచ్చింది, సిగ్గులేదా?"

ఆయన ముఖం చిన్నబోయింది.

"దానికే తెచ్చిన బిడ్డా," అని డబ్బా అక్కడే వదిలి బయటికి నడిచాడు.

ఇంతలో అమ్మ ఫోను.

"ఏర్గట్ల భూమన్న బాపు వచ్చిండా? దూరం నుంచి సూసి పోత, బిడ్డకు చెప్పకమ్మా అన్నడు. నాకే మనసాగలే."

"ఎవరమ్మా ఆయన? నలుగురి ముందట తిట్టి పంపిన."

"అయ్యో, ఎంత పని చేసినవే! పోయిన బిడ్డ పేర గారెలు తెచ్చిండు గద."

అఖిల ఫోను చెవినుంచి తీయకుండానే బస్టాండుకు పరుగెత్తింది. నిజామాబాద్ బస్సు అప్పుడే గేటు దాటింది. కిటికీ దగ్గర ఆయనే. ఎంత అరిచినా వెనక్కి తిరిగి చూడలేదు.

"పోయిన బిడ్డంటే... గోదావరా అమ్మా?"

"ఆ. దవాఖానల మీ నాయన అడిగి తెలుసుకున్నడు. గా పిల్ల కన్నే నీకు పెట్టిండ్రు."

మండుతున్న ఎడమ కంటి దాకా వెళ్ళిన అఖిల చేయి, దాన్ని నలుపుకోవడానికి సిగ్గుపడి ఆగిపోయింది.