పునాది గుంతలో తాబేలు

"ఛీ, నీకు నా గుంతే దొరికిందా!"

పెద్దకోడలు పైకే అనేసి, ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూసింది. మిట్టమధ్యాహ్నం, వీధిలో నరమానవుడు లేడు. ఇల్లు కట్టడానికి తవ్వించిన పునాది గుంతలో, మోకాలి లోతు వాననీళ్ళలో, పళ్ళెమంత తాబేలొకటి తల పైకెత్తి ఆమెనే చూస్తోంది. మెడ మీద పసుపుపచ్చ చారలు. మొన్న మీటింగులో బొమ్మ వేసి చూపించింది అచ్చం దీన్నే.

ఆ మీటింగులో మ్యాపుల ఇంజనీరమ్మ అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పింది. "వరద మ్యాపు కొత్తగా గీస్తున్నాం. ఎర్ర గీతకి నదివైపున ఇళ్ళు కట్టకూడదు. నీళ్ళెంతవరకు వస్తాయన్నది ఒక్కటే చూడం. ఈ జాతి తాబేళ్ళు అంతరించిపోతున్నాయి. అవి కనిపించిన స్థలం కూడా గీత లోపలికి వెళ్ళిపోతుంది. ఇక అక్కడ తట్టెడు మట్టి పొయ్యడానికి కూడా వీల్లేదు."

ఈ వీధిలో స్థలాలు చూడ్డానికి ఆమె వచ్చేది రేపే.

పెద్దకోడలు పదహారేళ్ళుగా అద్దె గదిలో మంచానికీ కుట్టుమిషనుకీ మధ్య ఒళ్ళు ముడుచుకుని తిరుగుతోంది. ఊళ్ళో పిల్లలందరి యూనిఫారాలూ కుట్టి కుట్టి, ఇప్పటికి ఈ గుంత దాకా వచ్చింది. ఇదీ పోతే ఈ జన్మకి సొంతిల్లు లేనట్టే.

ముళ్ళతీగ కంచెకి అవతల తోడికోడలి స్థలం. అక్కడా గుంత ఉంది, అందులోనూ నీళ్ళున్నాయి. తాబేలు మాత్రం లేదు. ఎందుకుంటుంది! చిన్నకోడలిది అన్నీ కలిసొచ్చే జాతకం. మామగారు పంచినప్పుడు రెండు రోడ్ల మూల స్థలం దానికే వచ్చింది. అత్తగారి నోట పొద్దస్తమానం "మా చిన్నది, మా చిన్నది" అన్న జపమే. మున్సిపల్ ఆఫీసు ఎదురుగా జిరాక్సు షాపు, ఫ్యాను కింద కూర్చుని చేసే పని. పైగా కనబడినప్పుడల్లా "మీకేం అక్కా, అదృష్టవంతులు" అంటుంది. ఆ ఎత్తిపొడుపు వింటే పెద్దకోడలికి అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

బకెట్టు తెచ్చి తాబేలును అందులో వేసుకుంది. నది అక్కడికి వందడుగులు కూడా ఉండదు. వెళ్ళి వదిలేస్తే ఎవరికీ ఏ బాధా లేదు. ఆ సంగతి ఆమెకి తెలియక కాదు, రెండడుగులు అటు వేసింది కూడా.

'రేపు దాని మేడ లేచాక, పక్కన నా రెండు గదుల కొంపా!' అనుకుంది. గిరుక్కున వెనక్కి తిరిగి, ముళ్ళతీగ ఎత్తిపట్టి దూరి, బకెట్టు తీసుకెళ్ళి అవతలి గుంతలో గుమ్మరించింది.

మర్నాడు ఇంజనీరమ్మ వచ్చేసరికి చిన్నకోడలు షాపు మూసి మరీ వచ్చి నిలబడింది.

"ముందు అక్కావాళ్ళది చూడండి మేడమ్. పెద్దవాళ్ళు కదా."

'అబ్బో, ఎంత వినయమో!' అని పెద్దకోడలు లోలోపల పళ్ళు నూరుకుంది.

ఇంజనీరమ్మ గుంత చుట్టూ తిరిగి, కర్రతో నీళ్ళు కదిపి చూసింది. "ఇక్కడేం లేదు. ఈ స్థలం గీతకి బయటే."

"సరిగ్గా చూశారా మేడమ్? ఆ మూల కూడా చూడండి. రేపు అక్కావాళ్ళ ఇల్లు సగంలో ఉండగా ఆపేస్తే కష్టం కదా."

"చూశారుగా! మధ్యలో నీ కంగారేంటి?" అంది పెద్దకోడలు. మేడమ్ దగ్గర మంచిపిల్ల అనిపించుకోవాలని దీని తాపత్రయం!

తర్వాత అందరూ ముళ్ళతీగ చుట్టూ తిరిగి అవతలి స్థలానికి వెళ్ళారు. కర్ర నీళ్ళలో పెట్టీ పెట్టగానే ఇంజనీరమ్మ ఆగిపోయింది. ఫోటోలు తీసింది. గట్టు మీద ఎర్రజెండా గుచ్చింది.

"ఏమనుకోకండమ్మా. ఈ స్థలం గీత లోపలికి వెళ్ళినట్టే. ఇక్కడ ఇల్లు కట్టడానికి లేదు."

చిన్నకోడలు మట్టికుప్ప మీద అలాగే కూలబడిపోయింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఇక్కడికెలా వచ్చింది? ఇక్కడికెలా వచ్చింది?" అని గొణుక్కుంటూనే ఉంది.

ఇంజనీరమ్మ వెళ్ళిపోయాక పెద్దకోడలు కాసేపు ఆ మొహాన్నే చూస్తూ నిలబడింది. ఇన్నేళ్ళకి కడుపు చల్లబడింది. ఆ వెనకే కొంచెం జాలి కూడా వేసింది, అదీ హాయిగానే ఉంది. వెళ్ళి పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేసింది.

"ఊరుకోమ్మా. నది ఎంత దూరమని! పాక్కుంటూ వచ్చేసి ఉంటుంది. మూగజీవి, దానికి నీ గుంతా నా గుంతా అని తెలుస్తుందా?"

చిన్నకోడలు మెల్లగా తలెత్తింది. ముళ్ళతీగ వైపు చూసింది, తర్వాత పెద్దకోడలి మొహంలోకి చూసింది. భుజం మీది చేతిని తీసి పక్కన పెట్టింది.

"నది నుంచి అదేం పాక్కుంటూ రాలేదక్కా."

"నీకెలా తెలుసు?"

"మొన్న దాన్ని తెచ్చి మీ గుంతలో వేసింది నేనే."