ఇస్సాకు ఇచ్చిన పొట్లం

"పుస్తకం రేపు అచ్చుకెళ్లిపోద్దంట గదండీ. ఒక్క ముక్క రాయండి బుల్లబ్బాయిగారూ. ఆ పొట్లం ఇస్సాకుది కాదని."

ఇస్సాకు అరుగు కిందే నిలబడి అడిగాడు. అమలాపురం ప్రెస్సు నుంచి వచ్చిన ప్రూఫులు ఒళ్లో పెట్టుకున్న బుల్లబ్బాయి తలెత్తలేదు. గల్ఫ్‌లో విమానం దిగగానే సంచిలో మత్తుమందు దొరికిందని పట్టుకుని, నాలుగేళ్లు జైల్లో కుక్కారు బుల్లబ్బాయిని. చెయ్యని నేరానికి తిన్న తన్నులే ఇప్పుడు పుస్తకమవుతున్నాయి.

"అక్కడున్న మా బావకిమ్మని నేనిచ్చింది ఎండురొయ్యలండీ. మీరు చూసే సర్దుకున్నారు."

"చూశాను ఇస్సాకూ."

"మరి ఊరంతా నా మీదకే తోసేసేరండి. అంబాజీపేటలో కొబ్బరికాయల లోడింగుకి కూడా పిలవట్లేదు. మా పిల్లల్ని గంజాయోడి పిల్లలంటన్నారు."

బుల్లబ్బాయి ప్రూఫు కాగితం తిప్పాడు. "నువ్వు కాదని రాస్తే, మరెవరని అడుగుతారు."

"అడిగితే చెప్పండి. మీకు తెలుసు గదండీ."

తెలియకేం. కస్టమ్స్‌వాళ్లు బల్లమీద పొట్లం విప్పి, ఆ దేశంలో నిషేధమైన మత్తుగింజలని కేకలేసినప్పుడే తెలిసింది. ఒళ్లు హూనం చేసినా ఆ పేరు మాత్రం బయటపెట్టలేదు. పుస్తకంలోనూ 'ఎవరో పెట్టారు' అని రాసి ఊరుకున్నాడు. ఆ ఎవరో ఇస్సాకే అనుకుంటారని తెలిసే రాశాడు, దిక్కుమాలిన రాత.

"చెయ్యని తప్పు మొయ్యడం కన్నా చావు నయమని మీరే రాసేరంట. అది మీ ఒక్కరికేనాండీ?"

"రాయలేను ఇస్సాకూ. నన్ను క్షమించు."

ఇస్సాకు "ఆయ్, అలాగేనండి" అని సైకిలెక్కి వెళ్లిపోయాడు.

లోపల్నుంచి తల్లి కనకమహాలక్ష్మి కంచం పట్టుకొచ్చింది. "మళ్లీ వచ్చేడా ఆ పాపిష్టోడు. నా బిడ్డ సంచిలో మత్తుమందు పెట్టిన చేతులు పుచ్చిపోనూ."

"ఆ మాట అనకమ్మా."

"అంటాను. నా కడుపుమంట నాది. వాణ్ణి వదిలేసి ముందు అన్నం తిను, గసగసాలు నూరి కోడికూర చేసేను" అంటూ ఆవిడ కంచం కొడుకు ముందు పెట్టింది. "నువ్వెళ్లేటప్పుడు నీ సంచి అడుగున కూడా ఇవే ఓ పొట్లం కట్టి పెట్టేను, గుర్తుందా? అదైనా నీకు దక్కనిచ్చారా నాయనా?"