వీధి చివర సాయిబు

ఆ సాయిబు ఎందుకొచ్చి కూర్చుంటాడు?

నగరి ఊళ్లో నేతవీధికి ఇల్లరికం వచ్చిన ఎనిమిదేళ్లుగా తిరుమలయ్యకు ఇదే అనుమానం. ఎవరినీ అడగలేదు.

తెల్లవారగానే నేతగాళ్లు వీధి పొడవునా పడుగు దారాలు సాగదీసి గంజి పెట్టేవారు. అది ఆరేదాకా ఆ సాయిబు వీధి చివర రాతి మీద కూర్చునేవాడు. చేతిలో కర్ర. ఆరగానే లేచి వెళ్లిపోయేవాడు.

1982 వేసవిలో టాకీసు దగ్గర సాయిబుల కుర్రాళ్లకూ నేతవీధి కుర్రాళ్లకూ కొట్లాట జరిగింది. రెండు రోజులు అంగళ్లు తెరవలేదు.

"ఆ రాతి మీదోడు మన ఇండ్లు లెక్క పెట్టుకుంటా ఉండాడన్నా," అన్నాడు పక్కింటి కుప్పయ్య.

వీధంతా కదిలి సాయిబు దగ్గరికి వెళ్లింది.

"ఈడేం పని నీకు?" అడిగాడు కుప్పయ్య.

"ఉండాది అప్పా, పని."

"రేపట్నించి రావద్దు."

సాయిబు కర్ర పక్కన పెట్టాడు.

"ఇది నీ మాటా, వీధి మాటా?"

"వీధి మాటే," అన్నాడు కుప్పయ్య. అందరూ తలలూపారు. తిరుమలయ్యా ఊపాడు.

"అందరూ ఇన్నారు గదా. ఇంక జరిగేది నా మీద లేదు."

ఆ మాట తిరుమలయ్యకు బెదిరింపులా వినబడింది. ఆ సాయంత్రం దీపం ముందు గోవింద నామాలు కూడా సరిగా సాగలేదు.

మర్నాడు శుక్రవారం. తిరుమలయ్య పరిచింది పెళ్లి చీరల పడుగు. చెడితే రెండు నెలలు ఇంట్లో పొయ్యి వెలగదు.

గంజి ఆరకముందే, అరవదేశం సంతకు పోయే ఎద్దుల మంద వీధిలోకి తిరిగింది. పడుగంతా తొక్కి తెంపేసింది.

"సెప్పి మరీ తోలించినాడు," అన్నాడు కుప్పయ్య.

పది కర్రలు లేచాయి. ఒకటి తిరుమలయ్యది.

అత్త నాగరత్నమ్మ గోడ పట్టుకుని బయటికొచ్చింది.

"రాతి మీది మనిషి యాడ?"

"పంపించేసినాం అత్తా."

"ఎంత పని సేసినార్రా."

ముప్పై ఏళ్ల కిందటా సాయిబులు తోలుకెళ్లే పశువులు ఇలాగే పడుగు తొక్కాయట. కర్రలు లేచాయట. ఆనక నేతవీధి, సాయిబుల వీధి పెద్దలు కూర్చుని ఒప్పందం చేసుకున్నారట. పడుగు ఆరేదాకా పశువులు రాకుండా సాయిబుల మనిషి ఒకరు కాపలా ఉండాలి. శుక్రవారం నమాజు వేళ నేతగాళ్లు మగ్గాలు ఆపాలి.

"మనం ఆపడం లేదే."

"పన్నెండేళ్ల నాడు మరమగ్గాలు వచ్చినాక యాడ ఆపినారు? ఆ సప్పుడులో ఎవురికి గుర్తు?"

"నాకెప్పుడూ చెప్పలేదే అత్తా."

"నువ్వు అడిగితే గదా నాయనా."

తిరుమలయ్య కర్ర పడేసి మసీదుకు వెళ్లాడు. అక్కడి పెద్ద హనీఫ్ సాయిబు తొట్టిలో నీళ్లు నింపుతున్నాడు.

"ఆయన లేడప్పా. నిన్న సాయంత్రం వేలూరు బస్సెక్కినాడు, కూతురింటికి. ఆ కాపలా ఉండబట్టే ఇన్నేళ్లు ఊరు కదల్లా."

"మేం మాట తప్పి పన్నెండేళ్లాయె. మరి ఆయనెందుకు కాసినాడు?"

"మేమూ అడిగినాం. ఒప్పందం వద్దని వాళ్లు నోరు తెరిచి సెప్పలేదు, అందాకా నేను తప్పితే అల్లా నన్నే అడుగుతాడు, అనేవాడు."

తిరుమలయ్య వచ్చి తన మరమగ్గం ఆపాడు. కుప్పయ్య చాలాసేపు అతన్నే చూసి, తనదీ ఆపాడు. నమాజు వేళకు వీధిలో ఒక్క మగ్గమూ ఆడటం లేదు. పన్నెండేళ్ల తర్వాత మసీదు పిలుపు నేతవీధిలో వినబడింది.

నమాజు కాగానే హనీఫ్ సాయిబు వీధిలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఆయన పేరేంది?" అడిగాడు తిరుమలయ్య.

"ఖుద్దూసు. ముప్పై ఏళ్ల కిందట ఆ పొద్దు మీ వాళ్ల కర్ర దెబ్బకు పడి, పగ వద్దు ఒప్పందం సేసుకోండని సెప్పి, మూడోనాడు సచ్చిపోయినాయన కొడుకు."