పేకాట గంట

ఇలా దగ్గరగా వచ్చి కూర్చో తల్లీ, చెబుతాను. ఊరందరి క్యాలెండర్లూ ఒకటిగా కలిపేసిన కాలమది. అందులో ఖాళీ ఉంటేనే ఎవరింటి తలుపైనా తెరుచుకునేది.

ఓ సోమవారం ఉదయం నూకాలు మొగుడు ఎర్రినాయుడు కన్నుమూశాడు. పాడె మోయడానికి నలుగురికీ కలిసి ఖాళీ ఎప్పుడని అడిగితే, గురువారం అంది క్యాలెండరు.

"ఏటి సెయ్యమంతావు వొదినా, నా తలుపు తెరుసుకోనేదు!" గోడ అవతల ఏడ్చాడు పక్కింటి సింహాద్రి.

"అందాకా మీ అన్నని ఇలాగే ఎట్టుకోమంతావేటి?" అంటూ మొగుడి ఫోను తిరగేసింది నూకాలు. ప్రతి సోమవారం సాయంత్రం అయిదింటికి పేకాట అని ఉంది. సింహాద్రి, మరో ముగ్గురు. ఏళ్లనాటి ఏర్పాటు, ఎవరూ కొట్టెయ్యలేదు. ఆట జరిగే చోటును ఆమె శ్మశానమని మార్చింది. తన పేరూ చేర్చబోతే, ఆ గంట నీకు ఖాళీ లేదంది క్యాలెండరు.

సరిగ్గా అయిదింటికి నలుగురి తలుపులూ తెరుచుకున్నాయి. ఎర్రినాయుడి పేరు మీద అతని ఇంటి తలుపూ తెరుచుకుంది. పాడె దాటగానే నూకాలు ముఖం మీదే మూసుకుంది.

ఆరింటికి ఫోను మోగింది. "పేకాట ముగిసింది. అయిదుగురూ హాజరు."

మరిచిపోకు తల్లీ, నీ పిల్లలకూ చెప్పు. నలుగురితో ఓ ఆట పెట్టుకోమను. అందులో ఆలి పేరూ రాయమను.