తెరచాప చాటున

తెల్లవారినా సముద్రం మీద మబ్బు విడవలేదు. వాన కురిసేదీ కాదు, ఎండ రానిచ్చేదీ కాదు. పిండి ఆరేయడం మరిచిన పంచెలా పడి ఉంది. ఆ మబ్బు కిందే విడవలూరు నుంచి ఇసకలో సైకిలు తోసుకుంటూ వచ్చాడు ఏసుమణి. బళ్ళు తిరిగి పిల్లల ఒంటి మీద కుష్టు మచ్చలు చూసే ఇన్‌స్పెక్టరు. అతను వచ్చేసరికి బడి మూలన పాత తెరచాప ఒకటి అడ్డంగా కట్టి ఉంది.

"ఇదేందయ్యా, బడా నాటకమా?" అన్నాడు.

"ఒక్కొక్కరినీ దాని చాటున చూడండి," అన్నాడు జయరామయ్య అయ్యవారు.

"అన్ని బళ్ళల్లోనూ చొక్కాలిప్పించి వరసగా నిలబెట్టే చూస్తా. ఇట్లా అయితే పొద్దుపోదా?"

"పోతే పోనీండి. చిన్న ఊరు. ఒకరి వీపు మీద మచ్చుంటే, సాయంత్రానికి వలలు బాగుచేసుకునే వాళ్ళందరి నోట్లో ఉంటాది."

ఏసుమణి నవ్వి సంచిలోంచి కోడి ఈక, రెండు గాజు గొట్టాలు తీశాడు. ఒకదాంట్లోకి చన్నీళ్ళు, ఒకదాంట్లోకి వేణ్ణీళ్ళు కావాలన్నాడు. మధ్యాహ్నం పిల్లలకు ఉప్మా వండిపెట్టే మస్తానమ్మ, పొయ్యి మీద కాగుతున్న చెంబును అట్లాగే పట్టుకొచ్చి అందించింది. అతను అందుకోబోయి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. పిల్లలు గొల్లుమన్నారు.

"ఎట్లా పట్టుకొచ్చినావు తల్లీ?"

"ముప్పై ఏళ్ళు పొయ్యి కాడ కాగిన చేతులు సామీ. మీ మాదిరి కలం పట్టుకున్నవా?"

తెరచాప వెనక పిల్లలు కళ్ళు మూసుకోవాలి. ఈక తగిలిన చోట వేలు పెట్టి చూపించాలి. ఒకరి తర్వాత ఒకరు కితకితలకు నవ్వుతూనే ఉన్నారు. అయిదో తరగతి పెంచలమ్మ వంతు వచ్చినప్పుడు నవ్వు వినబడలేదు. భుజం కింద రూపాయంత పాలిపోయిన మచ్చ. ఈక ఆనినట్టు ఆ పిల్లకు తెలియలేదు. గొట్టాలు రెండూ ఆనించి, ఏది వేడి అని అడిగితే, "రెండూ ఒకటేనయ్యా," అంది.

పిల్ల వెళ్ళాక ఏసుమణి గొంతు తగ్గించాడు. "పెద్దరోగమే. ఇప్పుడే మొదలు. మాత్రలు మానకుండా మింగితే తగ్గిపోతుంది. పక్కన కూర్చున్నంత మాత్రాన ఎవరికీ అంటుకోదు. ఊళ్ళో చెప్పి పోయేదా?"

"చెప్పబాకండి. మాత్రలు నా చేతికియ్యండి. వాళ్ళ నాయనతో నేను మాట్లాడతా."

ఏసుమణి పేరు రాసి మడిచిచ్చిన కాగితాన్ని జయరామయ్య చొక్కా జేబులో పెట్టుకున్నాడు. చేపలు పట్టేవాళ్ళ ఆడపిల్లల్లో అయిదు దాకా వచ్చింది పెంచలమ్మ ఒక్కతే. పేరు బయటికి పొక్కితే రేపటి నుంచి ఆమె బడి గుమ్మం తొక్కదని ఆయనకు తెలుసు.

సైకిలు ఇసకదిబ్బ దాటకముందే మస్తానమ్మ గుమ్మంలో నిలబడింది.

"అయ్యోరా, మీ జేబులో కాయితం ఉండాదని పిల్లోళ్ళు అంటా ఉండారు. ఎవురిది?"

"ఎవరిదైతే ఏం?"

"వాళ్ళకు వేరే ఆకెయ్యాల. అవతల కూర్చోబెట్టాల. నలుగురు బిడ్డలు తినే చోటు గదా. చెప్పేదాకా నేను గంటె ముట్టను."

"దాంట్లో నీ పేరే ఉంటే? ఇట్లాగే గుమ్మంలో నిలబడి చదవమంటావా?"

"నాకెందుకొస్తాది? అమ్మోరు పోసినప్పుడు గూడా మంచమెక్కలా నేను."

"పిల్లలు పస్తుంటారు మస్తానమ్మా."

"మీరు చెప్పకుంటే మీరు పస్తు పెట్టినట్టు. నేను గాదు."

ఆయన పంచె ఎగగట్టి వంటపాకలోకి నడిచాడు. ఎసరు పెట్టాడు. మరిగేదాకా ఊదుతూ కూర్చుని, మూటలోంచి గోధుమ రవ్వ తీసి గుమ్మరించాడు. పిల్లలు తడికె సందుల్లోంచి చూస్తున్నారు. మస్తానమ్మ చూరు కింద చేతులు కట్టుకుని నిలబడింది.

"ఉండలు గడతా ఉండాది. తిప్పండి."

తిప్పాడు.

"అది తిప్పడమా? దానికి జోలపాట గూడా పాడండి."

అడుగంటిన వాసన వచ్చింది. జయరామయ్య కంగారుగా తుండు మడిచి తపేలా అంచులు పట్టుకుని లేపాడు. గుడ్డలోంచి వేడి తగిలి "అబ్బా" అని వదిలేశాడు. తపేలా ఒక పక్కకు ఒరిగింది.

"లేయండి పక్కకు!"

మస్తానమ్మ ఒక్క అంగలో వచ్చింది. ఎప్పటిలాగే గుడ్డా గిడ్డా లేకుండా రెండు చేతుల్తో తపేలా ఎత్తి, నింపాదిగా నాలుగడుగులు నడిచి అరుగు మీద దించింది.

"కాయితం దాచినంత తేలిక్కాదు, తపేలా దించడం," అంది.

"కాదు," అన్నాడాయన, వేళ్ళు విదిలించుకుంటూ.

"ఇంకా చెప్పరా?"

"చెప్పను."

ఆమె ఆయన కందిన వేళ్ళ వంక చూసింది. తడికె సందుల్లో కళ్ళ వంక చూసింది. కొంగు బిగించి, "రండి, కూర్చోండి," అంది.

ఆకులన్నీ ఒకే వరసలో వేసింది. అయ్యవారికీ అందులోనే వేసింది. వడ్డించాక తానూ ఒక ఆకు తెచ్చుకుని, ఖాళీ ఉన్న చోట కూర్చుంది. అది పెంచలమ్మ పక్కన.

మాడిన ఉప్మా, పైన కదలని మబ్బు. పెంచలమ్మ తలొంచుకుని తింటోంది. జయరామయ్య ముద్దకొకసారి వేళ్ళు ఊదుకుంటున్నాడు. ఆ పిల్లకు ఇంకాస్త పెడదామని మస్తానమ్మ చెయ్యి చాచింది. ఆ చేతిని చూసి జయరామయ్య ఊదుకోవడం ఆపేశాడు.

అరచేతి నిండా బొబ్బలు లేచిన సంగతి ఆమెకింకా తెలియదు.